ఓటు మీది, సీటు మాది: జార్జియా శాసనసభ హెన్రీ మెక్‌నీల్ టర్నర్‌ని ఎలా బయటికి పంపింది

1868 సెప్టెంబర్ 3న అట్లాంటాలో జార్జియా రాష్ట్ర దిగువ సభ ఒక తీర్మానం మీద ఓటు వేసింది. అనుకూలం 83, వ్యతిరేకం 23. దాంతో ప్రజలు ఎన్నుకుని పంపిన నల్లజాతి సభ్యులు సభ్యత్వం పోగొట్టుకున్నారు. లంచం తిన్నారని కాదు, రిగ్గింగ్ చేశారనీ కాదు. రెండు నెలలుగా వాళ్లు అదే సభలో కూర్చుంటున్నారు, బిల్లుల మీద ఓట్లు వేస్తున్నారు. నల్లవాళ్లకి పౌరసత్వం ఇచ్చిన అమెరికా రాజ్యాంగ 14వ సవరణను ఆ రాష్ట్రం ఆమోదించినప్పుడు కూడా వాళ్లు సభ్యులే. వాళ్లకి చెప్పిన కారణం ఒక్కటే: మన రాష్ట్ర రాజ్యాంగం మీకు ఓటు హక్కు ఇచ్చిన మాట నిజమే, కానీ పదవిలో కూర్చునే హక్కు ఇచ్చిందని ఎక్కడ రాసుందో చూపించండి.

చూపించడానికి రాజ్యాంగంలో అలాంటి వాక్యం లేదు. అది లేకుండా పోవడానికి ఒప్పుకున్న వర్గంలో, ఆ రోజు బయటికి నడిచిన సభ్యుల నాయకుడు హెన్రీ మెక్‌నీల్ టర్నర్ కూడా ఒకరు.

టర్నర్ గురించి రాసేవాళ్లు సాధారణంగా ఆ రోజు ఆయన చేసిన ప్రసంగం దగ్గర ఆగిపోతారు. అది గొప్ప ప్రసంగమే, దాని దగ్గరికి వస్తాను. కానీ ఆ ప్రసంగం ఎందుకు చేయాల్సి వచ్చిందో, చేశాక ఏం జరిగిందో తెలియకపోతే ఆయన తర్వాతి నలభై ఏడేళ్ల కోపం అర్థం కాదు.

టర్నర్ 1834లో దక్షిణ కరొలినాలోని న్యూబెరీ దగ్గర పుట్టారు. బానిసగా కాదు, స్వేచ్ఛ ఉన్న నల్లజాతి కుటుంబంలో. ఆ స్వేచ్ఛ ఎంత పలచనిదంటే, సరిగ్గా ఆ ఏడాదే ఆ రాష్ట్రం నల్లవాళ్లకి, బానిసలైనా కాకపోయినా, చదువు చెప్పడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. చిన్నప్పుడు పత్తి చేలలో పనిచేశారు, కమ్మరి పని నేర్చుకున్నారు. అబెవిల్ అనే ఊళ్లో లాయర్ల ఆఫీసులో ఊడ్చి తుడిచే పనికి కుదిరితే, అక్కడి తెల్ల లాయర్లే ఈ కుర్రాడి జ్ఞాపకశక్తికి ముచ్చటపడి, చట్టాన్ని పక్కన పెట్టి, చదవడం రాయడం నేర్పారు. 1853లో తెల్లవాళ్ల ఆధ్వర్యంలోని మెథడిస్ట్ చర్చి ఆయనకి బోధకుడిగా లైసెన్స్ ఇచ్చింది. దక్షిణాది రాష్ట్రాలన్నీ తిరుగుతూ ప్రసంగించారు. అయితే ఆ చర్చిలో నల్లవాడు ఎంత ఎదిగినా పై మెట్టు తెల్లవాడిదే. పూర్తిగా నల్లవాళ్లే నడుపుకునే ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి అనేది ఒకటుందని తెలిశాక, 1858లో అందులో చేరిపోయారు.

1862 నాటికి ఆయన వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్ చర్చి పాస్టర్. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) భవనం దగ్గర్లోనే. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకీ, ఉత్తరాదికీ మధ్య అంతర్యుద్ధం నడుస్తోంది. ఛార్లెస్ సమ్నర్, థాడియస్ స్టీవెన్స్ లాంటి బానిసత్వ వ్యతిరేక నాయకులతో పరిచయాలు అక్కడే ఏర్పడ్డాయి. 1863లో నల్లజాతి సైనికుల మొదటి రెజిమెంట్‌కి మనుషుల్ని చేర్చడంలో సాయం చేసి, తనే ఆ రెజిమెంట్‌కి మతాధికారిగా వెళ్లారు. అమెరికా సైన్యంలో ఆ హోదా పొందిన తొలి నల్లవారిలో ఆయన ఒకరు.

యుద్ధం అయ్యాక ఆయన్ని జార్జియాకి పంపారు. చర్చిలు కట్టడం పని. దాన్ని మతవ్యవహారంగా మాత్రమే చూస్తే అసలు సంగతి జారిపోతుంది. నిన్నటిదాకా బానిసలుగా ఉన్న లక్షలాది మందికి సొంతమంటూ ఉన్న సంస్థ చర్చి ఒక్కటే. సమావేశం పెట్టుకోవడానికి చోటు, చదువుకోవడానికి బడి, కబురు అందాలంటే దారి, అన్నీ అదే. ఏ ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందో చర్చిలు కట్టుకుంటూ తిరిగిన బోధకుడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 1867లో నల్లవాళ్లకి ఓటు వచ్చినప్పుడు, టర్నర్ చేతిలో అప్పటికే రాష్ట్రమంతా అల్లుకున్న వలయం ఒకటుంది. దాన్నే రిపబ్లికన్ పార్టీకి పునాది చేశారు.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. ఇవాళ్టి అమెరికా పార్టీలని మనసులో పెట్టుకుని చదివితే అంతా తలకిందులవుతుంది. అప్పటి రిపబ్లికన్ పార్టీ లింకన్ పార్టీ, బానిసత్వాన్ని రద్దు చేసిన పార్టీ. దక్షిణాదిలో డెమొక్రాట్లంటే పాత బానిస యజమానుల వర్గం, వాళ్ల వెనక నడిచిన తెల్లవాళ్లు. ఇక దక్షిణాది రిపబ్లికన్లలోనూ అందరిదీ ఒకే దారి కాదు. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు, నల్లవాళ్లు, స్థానిక తెల్ల రైతులు, గాలిని బట్టి పార్టీ మారిన పాత నాయకులు, అందరూ ఒక గొడుగు కింద ఉన్నారు. ఆ గొడుగుకి చిల్లు ఎక్కడ పడిందో కాసేపట్లో చూస్తాం.

1867 మార్చిలో కాంగ్రెస్ పునర్నిర్మాణ చట్టాలు తెచ్చింది. ఓడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు మళ్లీ యూనియన్‌లో, అంటే అమెరికా సమాఖ్యలో, చేరాలంటే సైన్యం పర్యవేక్షణలో కొత్త ఓటర్ల జాబితా తయారు చేయాలి, అందులో నల్లజాతి మగవాళ్లుండాలి, వాళ్లందరూ ఎన్నుకున్న సభ కొత్త రాష్ట్ర రాజ్యాంగం రాయాలి. (అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం ఉంటుంది.) జార్జియాలో నమోదైన ఓటర్లలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు దాదాపు సరిసమానం. అయినా 1867 డిసెంబర్‌లో అట్లాంటాలో మొదలైన రాజ్యాంగ సభలో 169 మందికి గాను నల్లవాళ్లు 37 మందే. టర్నర్ వాళ్లలో ఒకరు.

ఆ సభలో ఆయన ప్రవర్తన చూస్తే, తర్వాతి కాలపు నిప్పుల కొండ ఈయనేనా అనిపిస్తుంది. పన్ను కట్టలేక భూములు పోగొట్టుకునే పరిస్థితిలో ఉన్న తెల్ల యజమానులకి ఊరట ఇవ్వాలన్నారు. తిరుగుబాటు ప్రభుత్వానికి అధ్యక్షుడిగా ఉన్న జెఫర్సన్ డేవిస్‌కి క్షమాభిక్ష పెట్టమని కేంద్రాన్ని కోరదామన్నారు. గెలిచినవాళ్లం మనం, కాస్త పెద్దమనసు చూపిస్తే వాళ్లూ కలిసొస్తారన్నది ఆయన లెక్క.

ఆ లెక్కతోనే ఇంకో రాయితీ కూడా ఇచ్చారు. ఓటు హక్కు ఉన్నవాళ్లందరూ పదవులకి అర్హులే అనే క్లాజు ఒకటి ముసాయిదాలో ఉంది. దాన్ని తీసేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. తెల్ల రిపబ్లికన్ల వాదన ఇలా సాగింది: ఈ వాక్యం కనబడితే తెల్ల ఓటర్లు బెదిరిపోతారు, రాజ్యాంగమే ఓడిపోతుంది. అయినా ఓటు హక్కు ఉందంటే పోటీ చేసే హక్కు ఉన్నట్టే కదా, విడిగా రాయడం ఎందుకు? నల్లజాతి ప్రతినిధులు సరేనన్నారు.

ఆ భరోసా ఇచ్చిన తెల్ల రిపబ్లికన్లందరూ మోసగాళ్లే అని నేననుకోను. కొందరు నిజంగానే నమ్మి ఉంటారు. కానీ అదే 1868 వసంతంలో ప్రచారంలో ఏం జరిగిందో చూడండి. జోసెఫ్ బ్రౌన్ అని ఒకాయన ఉన్నారు. యుద్ధకాలంలో జార్జియా గవర్నర్‌గా తిరుగుబాటు పక్షాన ఉన్న మనిషి. ఓడిపోయాక రిపబ్లికన్ పార్టీలో చేరారు. ఆయన ఊరూరా తిరిగి తెల్లవాళ్లకి చెప్పిన మాట: భయపడకండి, ఈ రాజ్యాంగం నల్లవాళ్లకి పదవి హక్కు ఇవ్వడం లేదు. అంటే ఒకే రాజ్యాంగాన్ని నల్లవాళ్లకి ఒక అర్థంతో, తెల్లవాళ్లకి ఇంకో అర్థంతో అమ్మారు.

ఏప్రిల్‌లో ఎన్నికలు జరిగాయి. రాజ్యాంగం నెగ్గింది. రిపబ్లికన్ అయిన రూఫస్ బుల్లక్ గవర్నర్ అయ్యారు. టర్నర్ మేకన్ నగరం ఉన్న బిబ్ కౌంటీ నుంచి దిగువ సభకి ఎన్నికయ్యారు. రెండు సభలకీ కలిపి ఎన్నికైన నల్లజాతి సభ్యుల్ని తర్వాతి తరాలు 'తొలి ముప్ఫై ముగ్గురు' అని పిలుచుకున్నాయి. జులై 4న శాసనసభ కొలువుదీరింది. 21న 14వ సవరణను ఆమోదించింది. కాంగ్రెస్ పెట్టిన షరతులు తీరాయి, సైన్యం పక్కకి తప్పుకుంది.

ఇక్కడ ఒక విషయం చాలామంది దాటేస్తారు. 14వ సవరణలో మూడో సెక్షన్ అని ఒకటుంది. రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని ఒకసారి ప్రమాణం చేసి, తర్వాత తిరుగుబాటులో చేరినవాళ్లు పదవులకి అనర్హులు అంటుంది అది. జార్జియా సభల్లో అలాంటి మాజీ తిరుగుబాటుదారులున్నారు. వాళ్ల అర్హత తేల్చమని సైనిక కమాండర్ మీడ్ అడిగితే, సభలు విచారణ జరిపి అనర్హులెవరూ లేరని తేల్చేశాయి. ఆ పనిలో మితవాద రిపబ్లికన్లూ చేయి కలిపారు. అంటే రాజ్యాంగం అనర్హులని రాతపూర్వకంగా చెప్పినవాళ్లు లోపలే ఉన్నారు. రాజ్యాంగం ఏమీ అననివాళ్ల మీద ఆరు వారాల తర్వాత వేటు పడింది.

ఇప్పుడు ఆ న్యాయవాదం సంగతి. డెమొక్రాట్లు చెప్పింది ఉత్త జాతిద్వేషం అని కొట్టిపారేయడం తేలిక. ద్వేషం ఉంది, కానీ దానికి వాళ్లు తొడిగిన చట్టం చొక్కా కూడా చూడాలి. పదవి చేపట్టడం మనిషికి పుట్టుకతో వచ్చే హక్కు కాదు, చట్టం ఇస్తేనే వస్తుంది అన్నారు. పాత చట్టాల ప్రకారం నల్లవాళ్లకి ఆ హక్కు లేదు. కొత్త రాజ్యాంగం వాళ్లని పౌరుల్ని చేసింది, ఓటర్లని చేసింది, అంతే. ఆడవాళ్లూ పౌరులే, పిల్లలూ పౌరులే, వాళ్లకి పదవులున్నాయా? కాబట్టి పౌరసత్వం నుంచి పదవి తనంతట తాను ఊడిపడదు.

ఓటు, పదవి వేర్వేరు హక్కులన్న ఆలోచన వాళ్లతో పుట్టిందీ కాదు, వాళ్లతో పోయిందీ కాదు. కోస్తా, రాయలసీమ ప్రాంతాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీనే తీసుకోండి. అక్కడి శాసనమండలి 1921లో ఆడవాళ్లకి ఓటు హక్కు ఇచ్చింది. సభలో కూర్చునే హక్కు మాత్రం 1926 దాకా రాలేదు. ఆ తర్వాతే ముత్తులక్ష్మీ రెడ్డి సభలో అడుగుపెట్టారు. అయితే ఒక తేడా ఉంది. మద్రాసులో ఆ హక్కు ఇంకా ఇవ్వలేదని ముందే అందరికీ తెలుసు. జార్జియాలో పోటీ చేయనిచ్చారు, గెలవనిచ్చారు, ప్రమాణం చేయించారు, ఓట్లు అవసరమైనంత కాలం సభలో ఉండనిచ్చారు. ఆ తర్వాతే రాజ్యాంగంలోని ఖాళీ వాళ్ల కంటబడింది.

బయటికి పంపడంలోనూ ఒక తమాషా జరిగింది. జార్జియా చట్టం ప్రకారం ఒక మనిషి రక్తంలో ఎనిమిదో వంతు, అంతకంటే ఎక్కువ ఆఫ్రికన్ రక్తం ఉంటే 'వర్ణ మనిషి'. అంటే ముత్తాతలు, ముత్తవ్వలు ఎనిమిది మందిలో ఒక్కరు నల్లవారైనా చాలు. ఈ కొలత పట్టుకుని చూస్తే, చూడ్డానికి దాదాపు తెల్లగా ఉన్న కొద్దిమంది సభ్యుల విషయంలో ఏదీ రుజువు కాలేదు, వాళ్ల సీట్లు మిగిలాయి. మిగతావాళ్ల సీట్లని ఖాళీగా ఉంచి ఉప ఎన్నిక పెట్టారా అంటే అదీ లేదు. గెలిచినవాడు అనర్హుడైతే తర్వాత ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే సీటు అన్న నిబంధన తీసి, ఓడిపోయిన డెమొక్రాట్లని తెచ్చి కూర్చోబెట్టారు. ఓటింగ్‌లో కొందరు తెల్ల రిపబ్లికన్లు డెమొక్రాట్ల పక్కన చేరారు, కొందరు దూరంగా ఉండిపోయారు. నేను చెప్పిన చిల్లు అదే. సెప్టెంబర్ 12న రాష్ట్ర ఎగువ సభ అయిన సెనేట్ కూడా ఇదే పని చేసింది. అక్కడ బయటికి పోయినవాళ్లలో ట్యూనిస్ క్యాంప్‌బెల్ ఒకరు. మెకింటాష్ కౌంటీలో నల్లవాళ్ల స్వపరిపాలనకి బలమైన కోట కట్టిన మనిషి ఆయన.

దిగువ సభలో ఓటింగ్ రోజున టర్నర్ లేచి మాట్లాడారు. బతిమాలుకోవడానికి రాలేదని మొదట్లోనే చెప్పేశారు. నేను ఈ సభ సభ్యుణ్ణి, కాబట్టి ఏ పార్టీ ముందూ వంగను, నా హక్కుల కోసం దేబిరించను, నా మనిషితనం గడప దాటే సాహసం చేసేవాళ్ల మీద పిడుగులు విసరడానికి లేచాను అన్నారు. తోటివాళ్ల కంటే ఒంటి రంగు ఎక్కువ ముదురుగా ఉండటమే నేరంగా ఒక మనిషిని చట్టసభ ముందు నిలబెట్టడం ప్రపంచ చరిత్రలో ఎన్నడైనా జరిగిందా అని అడిగారు. తర్వాత నేరుగా అసలు ప్రశ్న: ఈ శాసనసభ ఎవరిది? కాంగ్రెస్ ఆదేశం ప్రకారం రాజ్యాంగ సభ కావాలని ఓటు వేసిందెవరు? తెల్లవాళ్లలో చాలామంది ఆ ఎన్నికల్ని ఎగతాళి చేసి ఇంట్లో కూర్చున్నారు. అసలు ఈ సభ పుట్టిందే నల్లవాళ్ల ఓట్లతో.

ఆ ప్రసంగంలో నన్ను ఎక్కువగా ఆపేసే చోటు పిడుగుల దగ్గర కాదు. రెండు వందల యాభై ఏళ్లు మీ పొలాల్లో పనిచేశాం, మీ పంటలు ఇంటికి చేర్చాం, దానికి బదులు ఏమడుగుతున్నాం అంటారు ఆయన. మా తండ్రులు కార్చిన చెమటకి పరిహారం అడుగుతున్నామా? మీరు తెప్పించిన కన్నీళ్లకి, ఒలికించిన రక్తానికి ప్రతీకారం అడుగుతున్నామా? లేదు. గతాన్ని గతానికే వదిలేయడానికి మేం సిద్ధం, ఇప్పుడు మా హక్కులు మాకివ్వండి. ఎనిమిది నెలల ముందు జెఫర్సన్ డేవిస్‌కి క్షమాభిక్ష కోరిన మనిషి ఇంకా ఇక్కడ ఉన్నాడు. ప్రసంగం చివరికొచ్చేసరికి ఆ మనిషి వెళ్లిపోతాడు. దేశం నల్లవాణ్ణి కాపాడకపోతే నల్లవాడు దేశాన్ని కాపాడలేడు, నా మనిషితనాన్ని ఒప్పుకోని దేశం కోసం రేపు యుద్ధమొస్తే తుపాకీ ఎత్తను అన్నారు. అన్నది ఐదేళ్ల కిందట ఆ దేశపు సైన్యంలోకి మనుషుల్ని చేర్చినాయన.

మూడు వారాలు తిరక్కుండానే ఫలితం తెలిసింది. బహిష్కృత సభ్యుల్లో ఒకరైన ఫిలిప్ జాయినర్ ఆల్బనీ నుంచి నలభై కిలోమీటర్ల దూరంలోని కమిల్లాకి రిపబ్లికన్ సభ కోసం ఊరేగింపుగా బయల్దేరారు. సెప్టెంబర్ 19న ఊళ్లోకి రాగానే తెల్లవాళ్లు కాల్పులు మొదలుపెట్టి, పారిపోతున్నవాళ్లని పొలాల్లో, అడవుల్లో వెంటాడారు. సుమారు డజను మంది చనిపోయారు, ముప్ఫై మందికి పైగా గాయపడ్డారు. నవంబర్‌లో అధ్యక్ష ఎన్నిక వచ్చేసరికి నల్లవాళ్లు మెజారిటీగా ఉన్న పదకొండు కౌంటీల్లో రిపబ్లికన్ అభ్యర్థి గ్రాంట్‌కి ఒక్క ఓటు కూడా నమోదు కాలేదు.

గ్రీన్ కౌంటీ సభ్యుడు ఏబ్రమ్ కోల్బీ తర్వాత కాంగ్రెస్ కమిటీ ముందు ఇచ్చిన వాంగ్మూలం చదివితే, సీటు అనే దానికి వెల ఎంతో తెలుస్తుంది. పార్టీ మారితే 5,000 డాలర్లు, రాజీనామా చేసి పక్కకి తప్పుకుంటే 2,500 ఇస్తామన్నారట. కౌంటీ మొత్తం ఖరీదు ఇచ్చినా చేయనన్నారు. 1869 అక్టోబర్‌లో కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లవాళ్ల రహస్య హింసా ముఠా మనుషులు ఇంట్లోంచి ఈడ్చుకెళ్లి మూడు గంటలు కొట్టారు. మళ్లీ ఆ పార్టీకి ఓటు వేస్తావా అని అడిగితే, రేపు ఎన్నికైనా వేస్తానన్నారు.

టర్నర్ అక్టోబర్‌లో మేకన్‌లో నల్లజాతి ప్రతినిధుల్ని సమావేశపరిచారు, వాషింగ్టన్‌కి ఫిర్యాదులు వెళ్లాయి. అక్కడ చిక్కు ఇంకోటి. జార్జియా మళ్లీ యూనియన్‌లో చేరినట్టా, చేరనట్టా? చేరి ఉంటే అది సొంత సభ సభ్యుల అర్హతని తనే తేల్చుకోవచ్చు, కాంగ్రెస్ వేలు పెట్టకూడదు. కాంగ్రెస్ కొన్నాళ్లు నానబెట్టి, జార్జియా ప్రతినిధుల్ని తన సభల్లో కూర్చోనివ్వడం ఆపేసింది.

ఈలోపు కోర్టులో విషయం తేలింది. సవానా నగరంలో రిచర్డ్ వైట్ అనే ఆయన కోర్టు క్లర్క్ పదవికి ఎన్నికయ్యారు. ఓడిపోయిన క్లెమెంట్స్, వైట్ నల్లవాడు కాబట్టి అనర్హుడని కేసు వేశారు. 1869 జూన్‌లో జార్జియా సుప్రీంకోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా తీర్పిచ్చింది: నల్లవాళ్లు పదవులకి అర్హులే. ఆ ఇద్దరిలో ఒకరు ప్రధాన న్యాయమూర్తి. ఆయనెవరో కాదు, జోసెఫ్ బ్రౌన్. ప్రచారంలో రాజ్యాంగం ఆ హక్కు ఇవ్వడం లేదని ఊరూరా చెప్పినాయనే. మాట తప్పారా అంటే, లాయర్ కదా, దారి ఉంచుకున్నారు. హక్కు రాజ్యాంగం నుంచి రాలేదు, ఆ రాజ్యాంగం అమల్లో ఉంచిన రాష్ట్ర చట్టసంపుటి నుంచి వచ్చింది అన్నారు. అందులో పౌరుల హక్కుల జాబితాలో పదవి చేపట్టడం కూడా ఉంది. కొత్త రాజ్యాంగం నల్లవాళ్లని పౌరుల్ని చేసింది కాబట్టి ఆ జాబితా వాళ్లకీ వర్తిస్తుంది. రెండో న్యాయమూర్తి మెకే రాజ్యాంగం నుంచే అదే ముగింపుకొచ్చారు. అంటే 1868 సెప్టెంబర్‌లో సభ అడిగిన ప్రశ్నకి జవాబు వాళ్ల చేతిలోని పుస్తకంలోనే ఉంది. వెతికే ఉద్దేశం ఎవరికీ లేదు. (బ్రౌన్ తర్వాత మళ్లీ డెమొక్రాట్ అయ్యారు, అమెరికా సెనేటర్ అయ్యారు, ఖైదీలని అద్దెకి తెచ్చుకుని బొగ్గు గనులు నడిపారు. ఆయన మీద విడిగా ఒక వ్యాసం రాయొచ్చు.)

తీర్పు వచ్చినా సభ తలుపులు తెరుచుకోలేదు. సభ్యుల అర్హత తేల్చే అధికారం సభదే, కోర్టుది కాదు. పైగా ఆ మార్చిలోనే జార్జియా, జాతిని బట్టి ఓటు నిరాకరించకూడదనే 15వ సవరణని తిరస్కరించింది. అప్పుడు కాంగ్రెస్ ఓపిక నశించింది. 1869 డిసెంబర్ 22న ప్రత్యేక చట్టం చేసి రాష్ట్రాన్ని మళ్లీ సైనిక పాలన కిందికి తెచ్చింది. 1870 జనవరిలో జనరల్ టెర్రీ పాత తిరుగుబాటుదారుల్ని సభ నుంచి తీసేసి, నల్లజాతి సభ్యుల్ని తిరిగి కూర్చోబెట్టారు. తీసేసినవాళ్ల సీట్లు ఎవరికిచ్చారో తెలుసా? రెండో స్థానంలో నిలిచిన రిపబ్లికన్లకి. డెమొక్రాట్లు వాడిన ఆయుధాన్నే వాళ్ల మీద వాడారు. అన్యాయం, నియంతృత్వం అని వాళ్లు పెట్టిన కేకలు చాలాకాలం చరిత్ర పుస్తకాల్లో ప్రతిధ్వనించాయి. పదహారు నెలల ముందు జరిగిన దానికి మాత్రం ఆ పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలు దక్కాయి.

సభ ఫిబ్రవరిలో 15వ సవరణని ఆమోదించింది, జులైలో జార్జియా చివరిసారిగా యూనియన్‌లోకి వచ్చింది. ఆ సవరణ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. జాతి కారణంగా ఓటు హక్కు నిరాకరించకూడదని అది చెబుతుంది. పదవి మాట అందులో లేదు. 1869 ఫిబ్రవరిలో అమెరికా సెనేట్ ముసాయిదాలో ఉంది, జార్జియా ఉదంతం కళ్ల ముందే ఉంది. అయినా ఉమ్మడి కమిటీలో ఆ మాటలు తీసేశారు. ఎక్కువ రాస్తే రాష్ట్రాలు ఆమోదించవన్న భయం. అట్లాంటాలో టర్నర్ బృందం ఒప్పుకున్న రాయితీనే, అదే కారణంతో, వాషింగ్టన్‌లో మళ్లీ ఇచ్చారు.

తిరిగి వచ్చిన సీటు ఏడాది కూడా నిలవలేదు. 1870 డిసెంబర్ ఎన్నికల్లో బెదిరింపులు, అక్రమాల మధ్య డెమొక్రాట్లు సభని గెలుచుకున్నారు, టర్నర్ ఓడిపోయారు. 1871లో అభిశంసన తప్పించుకోవడానికి గవర్నర్ బుల్లక్ రాష్ట్రం వదిలి పారిపోయారు. క్యాంప్‌బెల్‌ని కేసుల్లో ఇరికించి 1876లో, అరవై మూడేళ్ల వయసులో, అద్దె ఖైదీగా తోట పనికి పంపారు. టర్నర్‌కి 1869లో మేకన్ పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం వచ్చింది గానీ, దొంగ నోట్లు, ఆడవాళ్లతో సంబంధాలు అంటూ ఆరోపణలు చుట్టుముట్టి కొద్ది రోజుల్లోనే పోయింది. తర్వాత సవానాలో కస్టమ్స్ ఉద్యోగం, చర్చి బాధ్యతలు. ఎన్నికల రాజకీయం అక్కడితో ముగిసినట్టే.

1880లో బిషప్ అయ్యారు. 1883లో అమెరికా సుప్రీంకోర్టు, రైళ్లలో హోటళ్లలో జాతి వివక్షని నిషేధించిన 1875 చట్టాన్ని కొట్టేసినప్పుడు, అమెరికా రాజ్యాంగం ఒక మురికి గుడ్డ, ఒక మోసం, ప్రతి నల్లవాడూ దాని మీద ఉమ్మేయాలి అన్నారు. ఇంత మాట ఆయన సమకాలికుల్లో ఇంకెవరూ అనలేదేమో. అతి అనిపిస్తుంది. కానీ రాజ్యాంగంలో రాయకపోయినా పర్వాలేదు, అర్థమైపోతుంది అన్న భరోసా మీద ఒకసారి సంతకం పెట్టిన మనిషి, పదిహేనేళ్ల తర్వాత రాసి ఉన్న హక్కు కూడా చెల్లదని కోర్టు చెబుతుంటే విన్నాడు. 1885లో సారా ఆన్ హ్యూజ్ అనే మహిళకి చర్చిలో డీకన్ దీక్ష ఇచ్చారు, చర్చి తర్వాత దాన్ని రద్దు చేసింది. 1898లో దేవుడు నల్లవాడే అని రాశారు. ప్రతి జాతీ దేవుణ్ణి తన రూపంలో ఊహించుకుంటుంటే మేమెందుకు ఊహించుకోకూడదన్నది ఆయన వాదన.

ఇక అమెరికాలో నల్లవాడికి మనిషితనం దక్కదు, ఆఫ్రికాకి వెళ్లిపోదాం అన్నది ఆయన చివరి ఇరవై, ముప్ఫై ఏళ్ల నినాదం. 1891 నుంచి సియెరా లియోన్, లైబీరియా, దక్షిణాఫ్రికా వెళ్లొచ్చారు. 1895, 1896లో సవానా నుంచి రెండు ఓడల్లో కొన్ని వందల మంది లైబీరియాకి బయల్దేరారు. జ్వరాలకి చాలామంది పోయారు, చాలామంది నిరాశతో వెనక్కొచ్చారు. బానిసత్వం నుంచి తప్పించుకుని నల్లజాతి నాయకుడిగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ లాంటి వాళ్లు ఈ ఆలోచనని మొదటి నుంచీ వ్యతిరేకించారు. ఈ విషయంలో డగ్లస్‌దే సరైన అంచనా అని నా అభిప్రాయం. ఈ నేల మా తండ్రుల చెమటతో తయారైందని 1868లో అన్నది టర్నరే కదా, దాన్ని వదిలి ఎక్కడికి పోతారు?

1915 మే 8న చర్చి పని మీద కెనడాలోని విండ్సర్‌కి వెళ్లినప్పుడు చనిపోయారు. అట్టడుగు నుంచి మొదలై కేవలం కండబలంతో సుత్తి దెబ్బలు కొట్టుకుంటూ పైకొచ్చిన మహాకాయుల వంశంలో ఆఖరివాడు అని నల్లజాతి మేధావి డుబోయ్స్ ఆయన గురించి రాశారు.

అప్పటికి జార్జియా సభలో నల్లజాతి సభ్యుడు ఒక్కరూ లేరు. ఎవర్నీ బహిష్కరించాల్సిన అవసరం పడలేదు. బకాయిలు పేరుకుపోయే ఓటు పన్ను, తెల్లవాళ్లకి మాత్రమే ప్రాథమిక ఎన్నికలు, 1908 నాటి అక్షరాస్యత నిబంధన కలిసి ఓటునే మాయం చేశాయి. చివరి సభ్యుడు 1907లో వెళ్లిపోయాక, లిరాయ్ జాన్సన్ 1962లో రాష్ట్ర సెనేట్‌కి ఎన్నికయ్యే దాకా యాభై అయిదేళ్లు ఖాళీ.

1966 జనవరిలో జూలియన్ బాండ్ అనే పాతికేళ్ల నల్లజాతి యువకుడు ఎన్నికై దిగువ సభకి వస్తే, 184–12 ఓట్లతో ఆయన్ని ప్రమాణం చేయనివ్వలేదు. ఈసారి రంగు మాట ఎత్తలేదు. వియత్నాం యుద్ధాన్ని, బలవంతపు సైనిక సేవని వ్యతిరేకించే ప్రకటనని ఆయన సమర్థించారు కాబట్టి, రాజ్యాంగానికి కట్టుబడతానన్న ఆయన ప్రమాణాన్ని నమ్మలేమన్నారు. మనిషితనాన్ని ఒప్పుకోని దేశం కోసం తుపాకీ ఎత్తనన్న మాట ఆ సభ ఇంతకు ముందు ఒకసారి విన్నదే. సభ్యుల అర్హత తేల్చే అధికారం మాదే అన్న పాత వాదాన్నే జార్జియా మళ్లీ తెచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఒక్కమాటగా దాన్ని తోసిపుచ్చారు: రాజ్యాంగంలో ఉన్న అర్హతలు తీరాక, అభిప్రాయాలు నచ్చలేదని ఎన్నికైన సభ్యుణ్ణి ఆపే హక్కు సభకి లేదు. బాండ్ ప్రమాణం చేశారు, రెండు సభల్లోనూ కలిపి 1987 దాకా కొనసాగారు.